రోడ్డు దిగని వీరాయి

వీరాయి నిలబడిందంటే నిలబడినట్టే. ఈ మాట ఇవాళ ఉడుమలైపేట దారిలో తిరిగే ఏ బస్సు డ్రైవరును అడిగినా చెబుతాడు, కాకపోతే కొంచెం పళ్ళు నూరుతూ చెబుతాడు. ఒంటిమీద నారింజరంగు చొక్కా, నెత్తిన పసుపు టోపీ, చేతిలో పొడుగాటి కామకు బిగించిన గుండ్రటి బోర్డు. బోర్డుకు ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు ఆకుపచ్చ. ఎరుపు చూపించాక ఎదుట ఆగినది కొబ్బరికాయల ట్రాక్టరా, కలెక్టరు కారా అని తేడా చూసే అలవాటు ఆమెకు లేదు. పుట్టుకతోనే ఆమె ఇంత మొండిదని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. పుట్టుకతో ఆమెకు అబ్బిన విద్య పక్కకు తప్పుకోవడం ఒక్కటే.

ఆమె ఊరు తమిళనాడులో, ఉడుమలైపేటకు దగ్గర్లో, కొబ్బరితోటల మధ్యన ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఎన్ని తరాల కిందట, ఎక్కడినుంచి వచ్చారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బడిలో చదివింది తమిళం కాబట్టి తెలుగు అక్షరం ఎదురుపడితే వీరాయి గుర్తుపట్టదు. తోటలున్న వాళ్ళ ఇళ్ళలోనూ తెలుగే. పెద్దతోట యజమాని అళగర్‌సామి మనవరాలు జీవితను ముద్దు చేసేదీ తెలుగులోనే, కూలివాళ్ళను తిట్టేదీ తెలుగులోనే. భాష ఒకటైతే మనుషులు ఒకటైపోతారని అనుకునే పెద్దమనుషులు ఒకసారి ఆ ఊరు వచ్చి చూసి పోవాలి.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పెద్దతోట వాళ్ళ బండి వస్తుంటే వీరాయి వీధివాళ్ళు రోడ్డు దిగాలి. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, బండి దాటిపోయేదాకా తల వంచుకుని మట్టిలో నిలబడాలి. ఎడ్లబండి కాలంలో మొదలైంది అది. ఎడ్లబండి పోయి జీపు వచ్చింది, జీపు పోయి తెల్లకారు వచ్చింది, పద్ధతి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ కాలపు కుర్రవాళ్ళు సెల్‌ఫోనులో తల దూర్చి కారును చూడనట్టే నటిస్తారు. వీరాయి తల్లి చిన్నత్తాయికి ఆ నటన చేతకాదు. హారను చెవిన పడితే చాలు, కళ్ళు చూసేలోపే ఆమె కాళ్ళు దిగిపోతాయి. ఆమె కొంగు పట్టుకుని నడిచిన వయసులో వీరాయి కూడా అలాగే దిగింది. ఎందుకు దిగుతున్నామని ఒకసారి అడిగితే, తల్లి ఆమె చేతిని గట్టిగా నొక్కింది.

పదో తరగతి తప్పాక వీరాయి సూలూరు దగ్గర నూలుమిల్లులో చేరింది. అక్కడ కాళ్ళు దిగాల్సిన అవసరం రాలేదు, యంత్రాల ముందు నిలబడే ఉండాలి. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మిల్లు మూతపడింది. తిరిగి ఊరికి వచ్చి కొబ్బరిపీచు పనీ, కలుపు పనీ చేస్తున్న రోజుల్లో ఊరి బయట కాలువమీది పాత తూము కూలగొట్టి రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. కంకర మోయడానికి పోయిన వీరాయిని చూసి, గొంతు గట్టిగా ఉందని బోర్డు పట్టుకోమన్నారు. నీడపట్టు పని దొరికిందని ఆమె సంబరపడింది. అంతకన్నా ఎండ పని ఆ సైటులో ఇంకొకటి లేదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అక్కడ రోడ్డులో సగం తవ్వేశారు. మిగిలిన సగంలో ఒకసారికి ఒకవైపు బళ్ళే పోగలవు. మధ్యలో మలుపు, మలుపు పక్కన నిలువులోతు గుంత. ఈ కొసన వీరాయి, ఆ కొసన జెబమలర్. జెబమలర్‌దీ అదే వీధి, ఆదివారం చర్చిలో పాడే మనిషి. ఒకరికొకరు కనబడరు. మాట్లాడుకోవడానికి ఇచ్చిన వైర్‌లెస్ సెట్లు తమకు బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే పలికేవి. అందుకని కోయంబత్తూరునుంచి వచ్చే సేఫ్టీ ఇంజనీరు మాలిని ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఇచ్చింది. ఇటునుంచి పోయే ఆఖరి బండివాడి చేతికి ఆ కర్ర ఇవ్వాలి. అతను అవతల కొసన జెబమలర్‌కు అప్పగిస్తే, దారి ఖాళీ అయిందని అర్థం. ఇక జెబమలర్ తన వైపు బళ్ళు వదిలి, ఆఖరి బండితో కర్రను వెనక్కి పంపుతుంది. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పచ్చ చూపించాలి.

మాలినిది కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే వ్యాపారస్తుల ఇల్లు. ఆ సంగతి తెలిశాక వీరాయి ఆమెతో తమిళం మానేసింది. మాలిని చాలా నేర్పింది. దూరంనుంచే డ్రైవరుకు కనబడేచోట, రోడ్డు అంచున నిలబడాలి. మొదటి బండి పూర్తిగా ఆగాకనే నడుమకు రావాలి. వచ్చే బళ్ళకు వీపు చూపకూడదు. ఏ బండైనా మీదికి వస్తే దూకి తప్పించుకోవడానికి పక్కన చోటు ముందే చూసుకోవాలి. నడిచిపోయేవాళ్ళను కోన్‌ల మధ్య కట్టిన తాడుదారిలోనే పంపాలి. ఇనుపముక్కలు, మేకులు పడి ఉంటాయి కాబట్టి ఎంతవాళ్ళనూ ఉత్తకాళ్ళతో లోపలికి రానివ్వకూడదు. అందరినీ సార్ అనాలి, ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదు. ఆ ఆఖరిదొక్కటే వీరాయికి మింగుడుపడలేదు.

"బోర్డు పట్టుకున్నవాళ్ళదే పెత్తనం అక్కా," అంది మాలిని. "కర్ర చేతిలో లేనిది నేను చెప్పినా తిప్పకూడదు."

పనిలో చేరిన వారంలోనే అది జరిగింది. కర్ర జెబమలర్ వైపు ఉంది, బళ్ళు అటునుంచి వస్తున్నాయి. వీరాయి ఒక బస్సును ఆపి, చెప్పినట్టే నడుమకు వచ్చి ఎరుపు చూపిస్తూ నిలబడింది. ఆ వేళ బస్సు వెనకనుంచి ఆ హారను మోగింది. పొడుగ్గా, మధ్యలో ఒకసారి తెగి మళ్ళీ అందుకునే హారను, ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తెల్లకారు వరసను దాటుకుని కుడిపక్కనుంచి దూసుకొస్తోంది. వీరాయి ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి వ్యవధే లేదు. కాళ్ళు వాటంతట అవే రెండడుగులు వేసి రోడ్డు దిగాయి, తల వంగింది, బోర్డు నడుం దాకా జారింది. దారి ఇచ్చారనుకుని కారు లోపలికి పోయింది.

మలుపులో ఎదురుగా కన్నన్ మోపెడ్ మీద వస్తున్నాడు. ఆ చుట్టుపక్కల అతనంత చురుగ్గా కొబ్బరిచెట్టెక్కేవాడు లేడు. కారును తప్పించబోయి మోపెడ్‌తో సహా గుంతలో పడ్డాడు. తుంటి విరిగింది. ప్రాణం పోలేదు, చెట్టెక్కే బతుకు పోయింది.

కారులో ఉన్నది డ్రైవరు ఒక్కడే. బోర్డు పట్టుకున్న మనిషి పక్కకు తప్పుకుంది, అందుకే వెళ్ళానని చెప్పాడు. అది అబద్ధం కాదు. ఆ మాట అబద్ధమైతే బాగుండేదని వీరాయి ఎన్నిసార్లు అనుకుందో. సైటు సూపర్‌వైజరు మదన్, బోర్డు దించింది ఈవిడే అని అందరికీ చెప్పి చేతులు దులుపుకున్నాడు. కాంట్రాక్టరు మిక్సర్లు, కంకర గుట్టలు పెట్టుకున్న స్థలం పెద్దతోట వాళ్ళది, కాంక్రీటు కలిపే నీళ్ళు వాళ్ళ బావివి. ఇక కారు తప్పని ఎవడంటాడు?

ఇంటికి వస్తే తల్లి గడపలోనే ఉంది. ఏం జరిగిందని అడగలేదు. "దిగినావా?" అని మాత్రం అడిగింది. వీరాయి తల ఊపింది. చిన్నత్తాయి లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది, ఆ పూట అన్నం ముట్టలేదు.

వీరాయి ఆసుపత్రికి పోయింది. కన్నన్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతని భార్య వళ్లి ఆమెను లోపలికి రానివ్వలేదు, తిట్టనూ లేదు.

"నువ్వు నిలిచి ఉంటే నా మొగుడు నిలిచి ఉండును," అంది.

ఆ మాట వీరాయి గుండెలో ముల్లై గుచ్చుకుంది. చేసిన తప్పుకు దుఃఖపడింది, దాన్ని దాచుకోలేదు. కానీ దుఃఖం కిందినుంచి కోపం కూడా వచ్చింది. తన మీద, కారు మీద, కాళ్ళకు ఆ పాఠం నేర్పిన ఊరు మీద వచ్చింది. నూరు తిట్లు తిన్నా ఇంత మంట పుట్టదు.

మాలిని విచారణకు వచ్చినప్పుడు వీరాయి ఉన్నదున్నట్టు చెప్పింది. కాళ్ళు దిగిపోయాయని, ఎందుకు దిగాయో మీలాంటి వాళ్ళకు తెలియదని. మా అవ్వ ఊళ్ళోనూ అంతే, కాకపోతే బండిలో కూర్చున్నవాళ్ళం మేము అని మాలిని చెప్పింది. పని మానేస్తావా అని అడిగింది. మానేయనంది వీరాయి. ఇప్పుడు మానేస్తే ఈ కాళ్ళు చచ్చేదాకా దిగుతూనే ఉంటాయి, ఇంకెవరో గుంతలో పడతారు. నేనే నిలబడతాను అంది. మదన్ నసిగినా మాలిని ఒప్పుకుంది.

ఆనాటినుంచి వీరాయి వేరే మనిషి. హారను మోగినప్పుడల్లా బొటనవేళ్ళతో చెప్పులను గట్టిగా కరిచిపట్టుకునేది. ఊరి కుర్రవాళ్ళు వెక్కిరించారు. లారీవాళ్ళు బూతులు తిట్టారు. ఆమెకూ బూతులు రాకపోలేదు గానీ, వాదన వద్దన్నారు కాబట్టి బండి నంబరు పైకి చదివి ఊరుకునేది. అది బూతుకన్నా బాగా పనిచేసింది. తెల్లకారు మాత్రం చాలాకాలం రాలేదు, పొలాల మీది దారిన తిరిగి పోయేది. కన్నన్‌మీద జాలితోనో పోలీసుల భయంతోనో, ఆ సంగతి కారుకే తెలియాలి. వీరాయి దానికోసం కాచుకునే ఉంది.

వచ్చింది. ఎర్రటి ఎండలో, మిట్టమధ్యాహ్నం. ఆ రోజు అళగర్‌సామి మనవరాలు జీవితకు ఉడుమలైపేట మండపంలో నిశ్చయ తాంబూలాలు. ముహూర్తం దగ్గరపడింది, పొలాలదారి రాత్రి వానకు బురదైంది. వీరాయి ముందు ఒక బస్సు, దాని వెనక చాలా బళ్ళు ఆగి ఉన్నాయి. కర్ర జెబమలర్ వైపు పోయి తిరిగి రాలేదు. వైర్‌లెస్‌కు ఆ రోజు బుద్ధి పుట్టినట్టుంది, జెబమలర్ గొంతు పలికింది. మలుపులో కంకరలారీ ఒకటి దిగబడిందట, దాని వెనక స్కూలు వ్యాను ఉందట, కర్ర ఆ వ్యాను డ్రైవరు దగ్గర ఉందట. అప్పుడే ఆ హారను వినిపించింది. మధ్యలో తెగి మళ్ళీ అందుకునే హారను.

కారు వరసను దాటి బస్సు పక్కకు వచ్చింది. వీరాయి కాళ్ళలో ఏదో కదిలింది. కదిలిందని ఆమెకు తెలిసింది. బోర్డు కామను నేలకు తాటించి, రోడ్డు నడుమనే నిలబడింది. బోర్డు ఎరుపువైపు కారు అద్దానికి ఎదురుగా ఉంది. డ్రైవరు బ్రేకు వేశాడు.

వెనక అద్దం దిగింది. అళగర్‌సామి పట్టుపంచెలో, చందనంతో ఉన్నాడు. ముందు ఆయనకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. తన కారు ఆగడం ఆయనకు కొత్త.

"నువ్వు చిన్నత్తాయి బిడ్డవి కదమ్మే?" అన్నాడు. "నేను ఎవరనేది తెలుస్తా ఉండాదా?"

తరతరాలుగా ఆ ప్రశ్నకు జవాబు సామి అనే పిలుపుతో మొదలవుతుంది. వీరాయి నాలుకమీదికి అదే వచ్చింది. దాన్ని మింగేసి, బస్సు డ్రైవరును పిలిచిన పిలుపుతోనే పిలిచింది.

"తెలుసు సార్. ఎదురుగా పిల్లోళ్ళ వ్యాను వస్తా ఉండాది. కర్ర నా చేతికి రాలేదు. వచ్చినాక బస్సు పోతాది, వరసలో మీరు పొండి."

బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఇంతలో మదన్ పరుగెత్తుకొచ్చాడు. ముందు అళగర్‌సామికి దండం పెట్టి, తరువాత వీరాయి మీద పడ్డాడు. బావి నీళ్ళు ఆపేస్తే పని ఆగిపోతుందని, వ్యాను ఇంకా మలుపులోనే ఉంది కదా ఒక్క కారు పక్కగా దూరిపోతుందని, రేపటినుంచి నీకు ఇక్కడ పని ఉండదని గబగబా చెప్పాడు. చెబుతూనే బోర్డు మీద చెయ్యి వేశాడు. వీరాయి లాక్కోలేదు. ఆ చేతినే చూస్తూ మాట్లాడింది.

"తీసుకో మదన్ సార్. ఈ చొక్కా కూడా ఇస్తా, టోపీ కూడా ఇస్తా. నువ్వు ఈడ నిలిచి పచ్చ చూపించు. గుంతలో ఎవురైనా పడితే వదిలింది నేనే అని నీ నోటితో చెప్పాల. కన్నన్ పడినప్పుడు నేను చెప్పినట్ల."

మదన్ చెయ్యి బోర్డుమీద కాసేపు ఉంది. తరువాత మెల్లగా జారింది. అతను అళగర్‌సామి వైపు చూసి ఏదో గొణిగి, మిక్సరు దగ్గరనుంచి తనను ఎవరో పిలిచినట్టు అటు పోయాడు. ఎవరూ పిలవలేదు. ఆజ్ఞాపించడానికి ముందుకొచ్చే ప్రతి మగాడూ బోర్డు పట్టుకోమంటే ఇలాగే జారుకుంటాడని వీరాయికి అప్పుడు బాగా తెలిసింది, నవ్వు కూడా వచ్చింది.

సరిగ్గా ఆ సమయానికే చిన్నత్తాయి కూతురికి అన్నం క్యారియరు తెచ్చింది. రోజూ ఆ వేళకు తెస్తుంది. రోడ్డు అవతలి అంచున, దాటే చోట ఆగింది. కారును చూసింది. అంతే, ఆమె కాళ్ళు మట్టిలోకి దిగాయి, చెప్పులు చేతిలోకి వచ్చాయి, తల వంగింది. క్యారియరు ఒక చేత, చెప్పులు ఒక చేత. ముళ్ళున్న నేలమీద ఉత్తకాళ్ళతో నిలబడింది. కారు ఆగి ఉంది, ఎక్కడికీ పోవడం లేదు. అయినా అది పోయేదాకా ఆమె అలాగే ఉండేది, సాయంత్రం అయినా ఉండేది.

వీరాయికి కోపం ముంచుకొచ్చింది. అన్నాళ్ళూ తన కాళ్ళమీదే కోపం అనుకుంది. అసలు కోపం ఈ వంగిన తలను చూడాల్సి వస్తున్నందుకని ఆమెకు అక్కడే తెలిసింది.

"అమ్మా, రోడ్డెక్కు," అని పిలిచింది.

చిన్నత్తాయి తల ఎత్తకుండానే వద్దని చెయ్యి ఊపింది. చేతిలో చెప్పులు కూడా ఊగాయి. కారు పోయినాక వస్తానని గొణిగింది.

"బండి నిలిచి ఉండాది అమ్మా. నేనే నిలిపినా. చెప్పులు ఏసుకోని రా. ఈడ ఉత్తకాళ్ళతో నడవకూడదు. ఎంతోళ్ళకైనా అదే రూలు."

గొంతు గట్టిగా ఉందని కదా ఆమెకు ఆ పని ఇచ్చారు. ఆ మాట బస్సులో ఆఖరి సీటుదాకా వినబడింది. అద్దం దించి ఉన్న కారులోకీ పోయింది. డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టబోతే, ఏమనుకున్నాడో అళగర్‌సామి వద్దని అతని భుజం తట్టాడు.

చిన్నత్తాయి రోడ్డెక్కింది. తెల్లకారు ముందు, తాడుదారి మొదట్లో, వంగి ఒక చెప్పు కింద పెట్టింది. రెండోది పెట్టింది. ముసలికాలు చెప్పులో సరిగ్గా దూరలేదు. ఒకసారి తప్పి నేలను తాకి, మళ్ళీ వెతుక్కుంది. వీరాయి సాయం చేయడానికి కదల్లేదు, కదిలితే బోర్డు కదులుతుంది. రెండో కాలు కూడా దూరాక చిన్నత్తాయి నిటారుగా లేచి, క్యారియరు చెయ్యి మార్చుకుని నడిచింది. కారు ముందునుంచి, బస్సు ముందునుంచి, ఏమాత్రం తొందర లేకుండా ఇటు వచ్చింది.

ఆమె దాటాక, ఎదురు బళ్ళకు చోటు కోసం డ్రైవరు కారును అంచుకు జరిపాడు. కంకరలారీ వచ్చింది, దాని వెనక స్కూలు వ్యాను వచ్చింది. వ్యాను కిటికీల్లోంచి పిల్లలు వీరాయికి చేతులూపారు. డ్రైవరు ఎర్రగుడ్డ కర్ర అందించాడు. వీరాయి పక్కకు వచ్చి బోర్డు తిప్పి బస్సును వదిలింది, తరువాత వరసలో ఉన్న ట్రాక్టరును, మోపెడ్లను వదిలింది. కారు వరస బయట ఉంది కాబట్టి దాని వంతు ఆఖరున వచ్చింది. కర్ర ఆఖరి బండికే ఇవ్వాలి. వీరాయి వంగి దించిన అద్దంలోంచి కర్ర అందించి, అవతల కొసన జెబమలర్‌కు ఇవ్వండి సార్ అంది. అళగర్‌సామి కాసేపు ఆ ఎర్రగుడ్డను చూశాడు. పట్టుపంచె ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాడు. ఇచ్చాడు కూడా. జెబమలర్ ఆ సంగతి ఇప్పటికీ చర్చిలో చెబుతుంది.

మర్నాడు పెద్దతోట బావి నీళ్ళు ఆగిపోయాయి. కాంట్రాక్టరు ట్యాంకరు తెప్పించుకున్నాడు. వీరాయిని తీసేద్దామని మదన్ గట్టిగానే ప్రయత్నించాడు, మాలిని ఒప్పుకోలేదు. ఇంకా ఎన్నాళ్ళు ఒప్పుకోదో తెలియదు. తీసేస్తే తీసేయనీ అనుకుంది వీరాయి, ఇంకో రోడ్డు తవ్వకుండా ఉంటారా.

ఆ మధ్యాహ్నం మాత్రం కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, ఆమె ఎరుపు వైపు తిప్పిన బోర్డు పట్టుకుని తల్లి వైపు చూసింది. చిన్నత్తాయి తాడుదారి కొసన నిలబడి ఉంది, రోడ్డు మీదే. తన కాళ్ళకేసి, కాళ్ళకున్న చెప్పులకేసి చూసుకుంటోంది.

"తారు ఇంత ఎండలో ఉండాది," అంది. "కాలు కాలలేదు పాపా."